సంతకమైన కచేరీని ఆదాయంగా లెక్కేయకండి

ప్రశ్న: నా వయసు 27. ఫ్రీలాన్స్‌గా ఆర్కెస్ట్రాల్లో వయొలిన్ వాయిస్తాను. ఈమధ్య ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్‌గానూ పిలుస్తున్నారు. వచ్చే సీజన్‌కు ఆరు కచేరీలు ఖాయమయ్యాయి. ఆ ధైర్యంతో పర్సనల్ లోన్ తీసుకుని, ఒకరోజు ఆర్కెస్ట్రాను పెట్టుకుని పోటీలకు పంపే వీడియో తీయించుకుందామని, వయొలిన్‌కు మంచి కమాను (బో) కూడా కొందామని ఉంది. పొదుపు ఒక్క నెల ఖర్చులకు సరిపోతుంది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. మీ ప్రతిభ మీద నాకు సందేహం లేదు, సందేహమంతా ఆ ఆరు కచేరీల లెక్క మీదే. ఫ్రీలాన్స్ కళాకారులు తరచూ చేసే పొరపాటు ఇది. ఒప్పందం మీద సంతకం పడగానే డబ్బు వచ్చేసినట్టే అనుకుంటారు. పారితోషికం సాధారణంగా కచేరీ అయ్యాకే చేతికొస్తుంది. అనివార్య కారణాలతో రద్దయితే ఏమీ ఇవ్వక్కర్లేదన్న షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. 2020లో హాళ్లు మూతపడ్డప్పుడు ఆ షరతు ఎంతమందిని రోడ్డున పడేసిందో మీ తోటివాళ్లను అడగండి. కచేరీ ఆగినా లోన్ కిస్తీ ఆగదు. ఒక్క నెల పొదుపుతో అప్పుకు దిగడం సాహసం కాదు, అనవసరమైన ప్రమాదం.

నెలజీతం వాళ్లకు ఆరు నెలల అత్యవసర నిధి చాలంటాను. మీకు మాత్రం పన్నెండు నెలలు ఉండాల్సిందే. సీజన్ ముగిశాక ఖాళీ నెలలుంటాయి. కొత్త స్కోరు (రాసిన సంగీతం) చదువుకునే వారాలకు ఎవరూ డబ్బివ్వరు. భుజం పట్టేస్తే వయొలిన్, కండక్టింగ్ రెండూ ఒకేసారి ఆగిపోతాయి. వచ్చే ప్రతి పారితోషికంలో మూడో వంతు ముందే పక్కన పెట్టండి. ఆ నిధిలో మొదటి మూడు నెలల ఖర్చు పోగయ్యేదాకా ఇంకే ఖర్చూ తలపెట్టకండి.

నలుగురు తంత్రీ వాద్యకారుల బృందమైన టోక్యో స్ట్రింగ్ క్వార్టెట్‌లో మొదటి వయొలిన్ వాయించిన పీటర్ ఉంజియన్, కండరాలు అదుపు తప్పే ఫోకల్ డిస్టోనియా అనే నరాల సమస్య వల్ల వేళ్లు మాట వినక 1995లో ఆ బృందాన్ని వదిలారు. తర్వాత కండక్టర్‌గా స్థిరపడి టొరంటో సింఫనీ ఆర్కెస్ట్రాకు సారథ్యం వహించారు. మీకూ అలాంటి దారి ఉండొచ్చు. అయితే ఒక వృత్తి ఆగి మరొకటి నిలదొక్కుకునే లోపు ఇల్లు గడవాలి కదా! అందుకే వైకల్య బీమా తీసుకోండి. 'మీ సొంత వృత్తి చేయలేకపోతే' పరిహారం ఇచ్చే పాలసీయే కావాలి. 'ఏ పనీ చేయలేకపోతే' అని రాసి ఉంటే, చిటికెన వేలు పోయిన వయొలినిస్టుకు అది ఎందుకూ పనికిరాదు.

వాయిద్యానికి విడిగా బీమా చేయించండి. కారులో వదిలి వెళ్తే వర్తిస్తుందా, మరమ్మతు తర్వాత తగ్గిన విలువనూ ఇస్తారా, పాలసీలో కమాను పేరు విడిగా ఉందా, ఈ మూడూ చూసుకోండి.

వీడియో ఖర్చును మరో ఇద్దరు యువ కండక్టర్లతో పంచుకోవచ్చు. కమాను అద్దెకు దొరుకుతుంది. షేర్లు, ఫండ్ల సంగతి నిధి పూర్తయ్యాక చూద్దాం. లోన్‌కు ఇప్పటికే దరఖాస్తు చేసి ఉంటే, డబ్బు ఖాతాలో పడకముందే రద్దు చేసుకోండి.