మా వాకిట్లో నీ టైర్ల గీతలు

తిరుపతి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మొన్న నువ్వు మా ఇంటి ముందు నుంచి చిత్తూరు బయలుదేరాక మీ అత్తయ్య నన్ను కేకేసి వాకిట్లో నల్ల గీతలు చూపించింది. ముగ్గు పాడైందని ఆమె బాధ. నేను లోపలికి వెళ్లి టేపు తెచ్చి కొలిచాను. ఎడమ చక్రం గీత మూడున్నర మీటర్లు. కుడి చక్రానిది అర మీటరు కూడా లేదు. ఎడమది ఒకే గీతగానూ లేదు. జానెడు నలుపు, కాస్త ఖాళీ, మళ్లీ జానెడు నలుపు, కుట్టుమిషను టాకాల్లా ఉంది. ముప్పై ఏళ్లు రేణిగుంట రోడ్డులో టైర్లూ అలైన్‌మెంటూ చూసినవాడికి ఆ గీతల్ని చదవడం పెద్ద పని కాదు. బలం పెంచడానికి ఇంజను కంప్యూటరులో లెక్కలు మార్చే రీమ్యాప్ చేయించనా అని నువ్వు ఫోనులో అడిగినదానికి జవాబు వాటిలోనే ఉంది.

నీ అబార్త్ పుంటో కారుకు కంపెనీ చెప్పిన లెక్కలు నాకు గుర్తున్నాయి. 1368 సీసీ టర్బో ఇంజను, 145 హార్స్‌పవర్, 212 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. ఆ టార్క్ అంతా 2000 నుంచి 4000 ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) మధ్యలోనే చేతికొస్తుంది. సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగానికి 8.8 సెకన్లు అన్నారు. నీకు పది సెకన్లకు ఒక్కసారి కూడా తగ్గలేదంటున్నావు. ఆ పోయిన సెకను పైచిలుకు ఇంజనులో పోలేదు, మా వాకిట్లో పోయింది. మొదటి గేరులో ఉన్న టార్కే నేలకు దిగడం లేదు. రీమ్యాప్‌తో ఇంకాస్త తెచ్చి పోస్తే నిండిన బిందెలో నీళ్లు పోసినట్టే.

ఎందుకు దిగడం లేదో చెబుతాను. కారు ముందుకు దూకినప్పుడు బరువు వెనక్కి ఒరుగుతుంది. నీతో కలిపి కారు పన్నెండు వందల కిలోల పైమాట. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 2.51 మీటర్లు. గట్టిగా దూకితే ముందు చక్రాల మీద నుంచి సుమారు నూరు కిలోలు వెనక్కి పోతాయి. వెనక చక్రాలు లాగే బండికి అది వరం. నీది ముందు చక్రాలు లాగే బండి, అంటే పట్టు బాగా కావలసిన క్షణంలోనే పట్టు తగ్గుతుంది. పైగా ఇంజను బలాన్ని రెండు ముందు చక్రాలకూ పంచే నీ డిఫరెన్షియల్ మామూలుది. రెండు చక్రాలకూ సమానంగానే టార్క్ ఇస్తుంది కాబట్టి, ఒకటి జారితే రెండోదానికి కూడా ఆ జారే చక్రం మోయగలిగినంతే అందుతుంది. మా వాకిలి ఎడమ పక్క ఎప్పుడూ ఇసుక ఉంటుంది, ఆ చక్రం జారింది, కుడిది చూస్తూ కూర్చుంది. ఇక టాకాల సంగతి చూస్తే, చక్రం పట్టుకోవడం, వదలడం, మళ్లీ పట్టుకోవడం. కారు లోపల నీకు దడదడమని తెలిసే ఉండాలి. ఇంజనును పట్టి ఉంచే రబ్బరు మౌంట్లైనా, చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లోని రబ్బరు బుష్షులైనా అరిగి ఉంటాయి. పాత కారు కొన్నావు కాబట్టి రెండూ అయి ఉండవచ్చు. టైర్లకు డబ్బు పెట్టే ముందు వాటిని చూపించు. బుష్షులు వదులుగా ఉంటే ఎంత మంచి టైరైనా ఎగురుతుంది.

ఇప్పుడు టైర్లు. నీ కారుకు వచ్చినవి 195/55 ఆర్16, అంటే వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు. మీ స్నేహితుడు 205/55 వేయమన్నాడని చెప్పావు. వెడల్పు పెరుగుతుంది, నిజమే, కానీ ఎత్తు కూడా పెరుగుతుంది. పాతదాని వ్యాసం 621 మిల్లీమీటర్లు, కొత్తదానిది 632. అంటే ప్రతి గేరూ దాదాపు రెండు శాతం బరువెక్కినట్టు. పరుగు కోసం టైరు మార్చి పరుగు తగ్గించుకోవడం ఏమి తెలివి? 205/50 వేస్తే 611, దాదాపు ఒకటిన్నర శాతం చిన్నది. గేర్లు ఆ మేరకు చురుకవుతాయి. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఏ గేరులో ఎంత వేగం దాకా పోతుందో కూడా అదే శాతం తగ్గుతుంది. 100 చేరడానికి ఇప్పటికంటే ఒక గేరు ఎక్కువ మార్చవలసి వస్తే, టైరు ఇచ్చినదాన్ని ఆ గేరు మార్పు తినేస్తుంది. నీ కారు ఏ గేరులో ఎంత పోతుందో కాగితం మీద రాసుకుని ఆ తరువాత కొను. నన్నడిగితే 195/55లోనే మెత్తని రబ్బరు ఉన్న మంచి టైరు దొరికితే వెడల్పు జోలికే పోను. పదిహేడు అంగుళాల రిమ్ములు అందానికి బాగుంటాయి. బరువైన రిమ్మును తిప్పడానికీ ఇంజను కష్టపడాలి, అంతకుమించి వాటి గురించి చెప్పేది లేదు.

మెత్తని రబ్బరును ఎలా గుర్తుపట్టాలంటే, చాలా టైర్ల పక్కన ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది. 500 దగ్గర ఉంటే అది ఎక్కువ కాలం మన్నే గట్టి రబ్బరు. 300, ఇంకా కింద ఉంటే మెత్తన, పట్టు ఎక్కువ, త్వరగా అరుగుతుంది. ఆ అంకెను కంపెనీలే వేసుకుంటాయి కాబట్టి ఒక కంపెనీ 300నూ ఇంకో కంపెనీ 300నూ తూకం వేసి పోల్చకు. అదే వరుసలో ట్రాక్షన్ అని ఒక అక్షరం ఉంటుంది. అది తడి రోడ్డు మీద పట్టుకు గుర్తు, ‘ఏఏ’ అన్నిటికన్నా పైది. రేసుట్రాకు కోసం చేసిన, గాళ్లు దాదాపు లేని టైర్లు మాత్రం వద్దు. మనకు వాన ఎప్పుడు ఎలా కురుస్తుందో 2021 నవంబరులో తిరుపతి వీధులు చూసినవాడికి వేరే చెప్పాలా? నిలిచిన నీటి మీద గాడి లోతు లేని టైరు తేలిపోతుంది. చట్టం 1.6 మిల్లీమీటర్ల లోతు చాలంటుంది. నేనైతే మూడు దగ్గరే మార్చేస్తాను.

టైరు పుట్టిన తేదీ చూడకుండా డబ్బు ఇవ్వకు. డీఓటీ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2324 అంటే 2024లో ఇరవై మూడో వారం. ఒకసారి ఊరు కాని ఊరిలో టైరు పగిలి, చీకట్లో తొందరపడి కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే దాని వయసు ఆరేళ్లు. టైర్ల వ్యాపారం చేసే నన్నే అలా కూర్చోబెట్టారు, సిగ్గుతో మీ అత్తయ్యకు కూడా చెప్పలేదు. ఎండకూ గోదాము వేడికీ రబ్బరు గట్టిపడుతుంది. గాడి నిండుగా ఉన్నా పట్టు ఉండదు. మన సత్యవేడు పక్కన చిన్నపాండూరులో 2020 నుంచి టైర్లు తయారవుతున్నాయి, అటు అరక్కోణంలో ఎప్పటి నుంచో ఉంది. ఇంత దగ్గర ఫ్యాక్టరీలు పెట్టుకుని ముసలి టైరు కొనుక్కోవడం మనకు తగదు.

వేస్తే నాలుగూ ఒకే రకం వెయ్యి. ముందు రెండింటికే మంచివి వేస్తే చాలదా అంటావు. తిన్నగా పోయేటప్పుడు చాలు. భాకరాపేట ఘాట్‌లో తడి మలుపు దగ్గర ముందు చక్రాలు పట్టుకుని వెనకవి వదిలేస్తే కారు బొంగరమవుతుంది. కొత్త టైర్లతో తొలి రెండు మూడు వందల కిలోమీటర్లు పరీక్షలు పెట్టకు, పైపొర అరిగాకే అసలు పట్టు తెలుస్తుంది.

గాలి డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉన్నంతే. తెల్లవారుజామున, కారు కదలకముందు, నీ సొంత గేజుతో కొలువు. బంకుల్లో గేజులు ఒక్కోటీ ఒక్కో మాట చెబుతాయి. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగితే గాలి దాదాపు ఒక పాయింటు పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం మన రోడ్డు మీద కొలిచి ఎక్కువుందని తీసేస్తే మర్నాడు ఉదయానికి తక్కువవుతుంది. ట్రాకు మీద ముందు టైర్లలో రెండు పాయింట్లు తగ్గించి చూడు, లాభముంటే గడియారమే చెబుతుంది. అంతకుమించి తగ్గిస్తే పక్కగోడలు మెలితిరిగి ఉన్న పట్టు కూడా పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ నింపుకో.

ఇక అసలు విద్య, నీ రెండు పాదాలది. మా నాన్నగారి కాలంలో పాకాల దగ్గర మాకు చెరకు తోట ఉండేది. నిండు బండి మెత్తని నేలలో దిగబడితే తెలియనివాడు ఎడ్లను ఒక్క దెబ్బ వేసేవాడు. గిట్టలు జారేవి, బండి ఇంకా దిగేది. నాన్న అలా చేసేవారు కాదు. ముందు ఎడ్లను మెల్లగా ఒక అర అడుగు కదిలించి, కాడి మెడల మీద బిగుసుకున్నాక అప్పుడు అదిలించేవారు. నీ క్లచ్ పని అచ్చంగా అదే. ఇంజను మౌంట్లలో, గేర్ల పళ్ల మధ్య, చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టుల్లో ఎంతో కొంత వదులు ఉంటుంది. క్లచ్‌ను ఒక్కసారిగా వదిలితే ఆ వదులంతా ఒక దెబ్బలా చక్రానికి తగులుతుంది. చక్రం ఒకసారి జారడం మొదలుపెట్టాక మళ్లీ పట్టుకోవడం కష్టం.

కారు పది పదిహేను కిలోమీటర్లు నడిపాక మొదలుపెట్టు. నీళ్లు వేడెక్కినంత త్వరగా ఆయిలు వేడెక్కదు. స్టీరింగు తిన్నగా ఉంచు, పట్టు గట్టిగా ఉండాలి. రెండు డ్రైవ్ షాఫ్టులు ఒకే తీరున లేకపోతే గట్టిగా లాగేటప్పుడు కారు ఒక పక్కకు గుంజుతుంది. ఇంజనును 2500 దగ్గర నిలుపు. ఐదు వేలకు అరిపించి లాభం లేదు. న్యూట్రల్‌లో టర్బో బూస్ట్, అంటే ఇంజనులోకి టర్బో తోసే అదనపు గాలి, రాదు, దానికి బరువు తగలాలి. క్లచ్‌ను పట్టే చోటు దాకా తెచ్చి, ముక్కు కొంచెం లేచినట్టు తెలియగానే మిగతాది ఒక సెకనులోపు వదులు. ఆ చోట ఎక్కువసేపు నిలబెట్టావా, ప్లేటు కాలుతుంది.

ఇక్కడే నీ తప్పు జరుగుతోంది. నువ్వు కారు కదలగానే యాక్సిలరేటర్‌ను పూర్తిగా నొక్కుతున్నావు. టర్బో బండిలో ప్రమాదం మొదటి క్షణంలో ఉండదు, అర సెకను తరువాత ఉంటుంది. క్లచ్ పట్టి బరువు తగిలాక బూస్ట్ లేస్తుంది, అప్పటిదాకా బాగా పట్టుకున్న చక్రం ఆ ఊపుకు వదిలేస్తుంది. అందుకని మొదట సగం నొక్కు. బూస్ట్ లేచేటప్పుడు పాదాన్ని అక్కడే ఆపు, చక్రం వదులుతోందనిపిస్తే ఒక వెంట్రుకవాసి వెనక్కి తీయి. చెవి పెట్టి విను. సన్నగా ‘కిర్ర్’ మంటే సరిగ్గా ఉంది. ఎండు రోడ్డు మీద చక్రం కారు వేగం కన్నా పది పదిహేను శాతం ఎక్కువ తిరిగితే పట్టు గరిష్ఠంగా ఉంటుంది. కేక పెడితే నువ్వు పొగ తయారు చేస్తున్నావు. స్టీరింగు చేతికి మళ్లీ బరువుగా తగిలిందంటే చక్రం నేలను పట్టింది, అప్పుడు అడుగు దాకా నొక్కు. రెండో గేరుకు 6000 దగ్గర మార్చు. ఈ ఇంజను బలమంతా 5500కే అయిపోతుంది, ఎర్ర గీత దాకా లాగడం చెవులకు సరదా, అంతే. రెండో గేరులోనూ క్లచ్‌ను విసిరేయకు.

బయలుదేరేటప్పుడు 2000, 2500, 3000 ఆర్‌పీఎం మూడింటినీ ప్రయత్నించి నోటుపుస్తకంలో రాసుకో. మూడు సార్లకు మించి వరసగా వద్దు. మధ్యలో పది నిమిషాలు నెమ్మదిగా తిప్పు, గాలి తగిలితే క్లచ్చూ, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరూ చల్లబడతాయి. నా మొదటి చిన్న కారుతో ఒక సాయంత్రం పదకొండు సార్లు ప్రయత్నించాను. పన్నెండోసారి ఇంజను అరిచింది, కారు కదలలేదు. కాలిన వాసన మూడు రోజులు పోలేదు.

సమయం ఫోనుతో కొలుస్తున్నావు. చాలా ఫోన్లలో జీపీఎస్ సెకనుకు ఒక్కసారే లెక్క తీసుకుంటుంది, దానితో పదో వంతు సెకన్ల గురించి వాదించకు. సెకనుకు పది సార్లు చదివే చిన్న పరికరం తీసుకో. స్పీడోమీటరును అసలే నమ్మకు, అది ఉన్న వేగం కన్నా ఎక్కువే చూపిస్తుంది. రెండు దిశల్లోనూ పరుగెత్తి సగటు తీయి, కంటికి కనిపించని వాలు కూడా గడియారానికి తెలుస్తుంది. ఇంకొకటి, డిక్కీలో ఆ స్పీకరు పెట్టె తీసేయి. ట్రాకు మీదికి వెళ్లే ముందు స్టెప్నీ కూడా దించు. వెనక బరువు ఎంత తగ్గితే నీ ముందు చక్రాల బండికి అంత మేలు.

ఇదంతా ఎక్కడ చేయాలో నీకు చెప్పనవసరం లేదనుకున్నాను, కానీ పూతలపట్టు రోడ్డులో తెల్లవారుజామున చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ వేళకు ఆ రోడ్డు మీద పాల బండ్లూ, కాణిపాకం నడిచి వెళ్లేవాళ్లూ ఉంటారు. రోడ్డు మీద పోటీలకూ వేగ పరీక్షలకూ మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి ట్రాకు ఉంది. మీ చిత్తూరు నుంచి రాణిపేట మీదుగా ఒక ఉదయం ప్రయాణం. ట్రాకు రోజులు ఎప్పుడో కనుక్కుని హెల్మెట్టుతో వెళ్లు. నేనూ వస్తాను, గేజూ నోటుపుస్తకమూ నా చేతిలో ఉంటాయి.

ఈ ఆదివారం పొద్దున ఏడింటికి కారు తీసుకుని రా, ముందు ఆ బుష్షులు చూద్దాం. అబ్బాయికి చెప్పి లిఫ్టు ఖాళీగా ఉంచమన్నాను. వచ్చేటప్పుడు వీధి మలుపు దగ్గరే నెమ్మదించి, కారు గేటు ఇవతల ఆపు. ముగ్గు తడి ఆరేది ఎనిమిదికి.

ఇట్లు,
మీ మామయ్య