కంప్యుటేషనల్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో చేరబోతున్నాను. ముందు పైథాన్ నేర్చుకోవాలా, క్వాంటం మెకానిక్స్ చదవాలా?

రెండూ తర్వాత. ముందు ఒక నోటుబుక్ పెట్టుకోండి. నవ్వకండి, ఇది నేను మూడు వారాలు తగలేసుకుని తెలుసుకున్న సంగతి.

చేరిన కొత్తలో నాకో ఆక్సిడేషన్ రియాక్షన్ ఇచ్చి ఎనర్జీ ప్రొఫైల్ (మెట్టుమెట్టుకీ ఎనర్జీ ఎలా మారుతుందో చూపే గ్రాఫ్) గీయమన్నారు. ఆక్సిజన్ అణువు ఇన్‌పుట్ ఫైల్‌ని వేరే అణువు ఫైల్ నుంచి కాపీ చేసుకున్నాను, చార్జ్, మల్టిప్లిసిటీ (జత కూడని ఎలక్ట్రాన్ల సంఖ్యకి ఒకటి కలిపితే వచ్చే అంకె) ఉండే లైన్‌లో "0 1" అలాగే ఉండిపోయింది. ఆక్సిజన్‌లో జత కూడని ఎలక్ట్రాన్లు రెండుంటాయని, అది ట్రిప్లెట్ (మల్టిప్లిసిటీ 3) అని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవాడినే, అక్కడ "0 3" ఉండాలని మాత్రం తట్టలేదు. లెక్క వేసే ప్రోగ్రామ్ గౌసియన్ నోరెత్తలేదు. నార్మల్ టెర్మినేషన్ (లెక్క సజావుగా ముగిసింది) అని చెప్పి, దానికి ముందు అలవాటు ప్రకారం ఓ సూక్తి కూడా అచ్చేసింది. సున్నా గీత (మొదలయ్యే అణువుల ఎనర్జీ) దగ్గరే తప్పు కాబట్టి తర్వాతి మెట్లన్నీ పాతాళానికి దిగాయి, నేనేమో రియాక్షన్ ఇంత బాగా జరుగుతోందని మురిసిపోయాను.

గ్రూప్ మీటింగ్‌లో గ్రాఫ్ పెట్టగానే ఒక సీనియర్ అక్క "ఆక్సిజన్‌కి మల్టిప్లిసిటీ ఎంత ఇచ్చావ్?" అని అడిగింది, అంతే. సింగ్లెట్ (మల్టిప్లిసిటీ 1), ట్రిప్లెట్ ఆక్సిజన్‌ల మధ్య అసలు తేడానే మోలుకు దాదాపు 22.5 కిలోకేలరీలు, నేను చేసినట్టు ఎలక్ట్రాన్లన్నిటినీ జతలుగా కట్టేసి లెక్కిస్తే అది ఇంకా పెరుగుతుంది. ఒక్క కిలోకేలరీ కోసం కొట్టుకునే రంగం మనది!

తప్పు దిద్దడానికి పట్టింది ఒక పూట. ఆ లైన్ ఇంకా ఏయే ఫైళ్లలోకి పాకిందో వెతకడానికి నాలుగు రోజులు పట్టింది, ఎందుకంటే దేన్నుంచి దేన్ని కాపీ చేశానో ఎక్కడా రాసుకోలేదు. "టీఎస్3_కొత్త", "టీఎస్3_కొత్త_బి" అని పేర్లు పెట్టిన మహానుభావుడిని నేనే.

అందుకే తేదీ, ఫైల్ పేరు, అది దేనికి కాపీ, ఏ ఫంక్షనల్, ఏ బేసిస్ సెట్ (లెక్క పద్ధతిని నిర్ణయించే రెండు ఎంపికలు), ఎందుకు వేశారు, ఇవన్నీ రాయండి. ఎనర్జీని ప్రోగ్రామ్ ఇచ్చిన అంకెలన్నిటితో దించుకోండి. ఒక హార్ట్రీ (ప్రోగ్రామ్ ఎనర్జీని చెప్పే యూనిట్) అంటే మోలుకు 627.5 కిలోకేలరీలు, రెండు దశాంశాలకు కుదించారంటే మూడు కిలోకేలరీల దాకా గాలికి పోయినట్టే. స్ట్రక్చర్ ఆప్టిమైజ్ అయిందని సంబరపడకుండా ఫ్రీక్వెన్సీ (అణువు కంపనాల లెక్క) కూడా వేయండి: స్థిరమైన అణువైతే ఇమాజినరీ ఫ్రీక్వెన్సీ (అవుట్‌పుట్‌లో మైనస్ గుర్తుతో కనిపించేది) ఒక్కటీ ఉండకూడదు, ట్రాన్సిషన్ స్టేట్‌కైతే (రియాక్షన్ దారిలో శిఖరం) సరిగ్గా ఒక్కటే ఉండాలి. మొదటి వారం కొత్తగా ఏమీ మొదలుపెట్టకుండా సీనియర్ ఎప్పుడో ముగించిన లెక్క ఒకటి అడిగి తీసుకుని మళ్లీ వేయండి, అంకెలు కలవకపోతే ఎందుకో తేలేదాకా కదలకండి. సీనియర్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి, వాళ్లలో సగం మంది తమ పాత ఫైళ్లు ఎక్కడున్నాయో తెలియకే విసుక్కుంటారు.

ఇంకోటి, దయచేసి లాగిన్ నోడ్ (అందరూ లాగిన్ అయ్యే ఉమ్మడి కంప్యూటర్) మీద జాబ్ (లెక్క) నడపొద్దు. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు "చిన్నదే కదా" అని వదులుతారు, మిగతావాళ్లకి ఫైల్ తెరవడమే గగనమవుతుంది. స్క్రాచ్ డిస్క్ (తాత్కాలిక ఫైళ్ల చోటు) కూడా మీ బీరువా కాదు, చాలాచోట్ల పాత ఫైళ్లని చెప్పాపెట్టకుండా ఊడ్చేస్తారు, చెక్‌పాయింట్ ఫైల్ (లెక్కని మళ్లీ అందుకోవడానికి పనికొచ్చేది) వెంటనే వేరేచోట దాచుకోండి.

పైథాన్ అంటారా, వంద అవుట్‌పుట్ ఫైళ్ల నుంచి ఎనర్జీలు చేత్తో ఏరుతున్న రోజున దానంతటదే వచ్చేస్తుంది. క్వాంటం మెకానిక్స్ జాబ్ క్యూలో ఉన్నప్పుడు చదువుకోండి, అక్కడ కావలసినంత టైమ్ దొరుకుతుంది.