ఏ దోమకి అలవాటైంది?

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. కష్టపడ్డావని తెలుస్తూనే ఉంది, కానీ మొదటి వాక్యం దగ్గరే నాకు బ్రేక్ పడింది: ‘దోమలు మందుకు అలవాటు పడిపోయాయి.’ కొత్తలో నేనూ అచ్చం ఇదే రాశాను. దోమల మీద పనిచేసే ఒకాయన ఫోన్ చేసి, “ఏ దోమకండీ అలవాటైంది? మందు తగిలింది, చచ్చిపోయింది కదా!” అన్నారు. సిగ్గేసింది.

చచ్చినవి చచ్చాయి. ముందునుంచే ఏదో తేడా ఉండి బతికిపోయిన కొన్ని గుడ్లు పెట్టాయి, ఆ తేడా పిల్లలకు దిగింది, మళ్లీ మందు కొడితే మళ్లీ అవే మిగిలాయి. ‘అలవాటు’ అనగానే ఈ కథంతా ఎగిరిపోతుంది. మందు తగిలాక ఒక దోమలోనే కొన్ని జన్యువులు కాసేపు జోరందుకోవడం కూడా ఉందనుకో, అది వేరే సంగతి, రెండిటినీ ఒకే వాక్యంలో కలిపెయ్యకు.

తర్వాత, ప్రతిచోటా ‘జన్యువు మారిపోయింది’ అన్నావు. కొన్నిసార్లు నిజమే. డీడీటీ అయినా, పైరెత్రాయిడ్లనే దోమల మందులయినా నరాల్లోని సోడియం చానల్ మీదే, అంటే సోడియంని లోపలికి వదిలే తలుపులాంటి ప్రోటీన్ మీదే పనిచేస్తాయి. ఆ ప్రోటీన్‌ని కట్టే ఇటుకల్లో, అంటే అమైనో ఆమ్లాల్లో ఒక్కటి మారితే చాలు, మందు పట్టు సడలుతుంది. కానీ నువ్వు రాస్తున్నది జన్యు వ్యక్తీకరణ గురించి కదా. అక్కడ జన్యువనే రాతప్రతిలో అక్షరం మారకపోయినా జిరాక్సులు ఎక్కువ తీస్తున్నారన్నమాట. ఆ జిరాక్సులే ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ. ఎన్ని తీయాలో చెప్పే పక్క భాగంలో మార్పు ఉండొచ్చు, అది పిల్లలకు దిగుతుంది. మందుని విరగ్గొట్టే పీ450 ఎంజైముల జన్యువులకు ఇలా జరిగితే మందు నరం దాకా చేరేలోపే చాలావరకు విరిగిపోతుంది. కొన్ని దోమతెరల్లో పైరెత్రాయిడ్‌తో పాటు పీబీఓ అనే రసాయనం కలిపేది ఇందుకే, అది ఆ ఎంజైముల చేతులు కట్టేస్తుంది. క్యూలెక్స్ దోమల్లో కొన్ని ఇంకో అడుగు ముందుకేసి రాతప్రతినే పదుల కాపీలు చేసి పెట్టుకున్నాయి, మందుని అడ్డుకునే ఎస్టరేజ్ ఎంజైముల జన్యువుల విషయంలో. ఈ ముక్క నువ్వు వదిలేశావు, నాకైతే అన్నిటికన్నా ఇదే ముచ్చటగా ఉంటుంది.

‘ఈ జన్యువు చాలా రెట్లు పెరిగింది’ అని రాశావు. దేనికంటే? సాధారణంగా పోల్చేది ల్యాబ్‌లో దశాబ్దాలుగా మందు ముఖం చూడకుండా పెరిగిన దోమలతో, కిసుము వంశం లాంటి వాటితో. బయట బతికే దోమకీ దానికీ మందుతో సంబంధం లేని తేడాలు బోలెడుంటాయి. కాబట్టి ఎక్కువ రెట్లు పెరిగినవాటి జాబితాలో పైనున్న జన్యువు అనుమానితుడే, దొంగ అని అప్పుడే తేల్చెయ్యకు. 2020లో ఎస్‌ఏపీ2 అనే ప్రోటీన్ సంగతి బయటపడినప్పుడు, అది మలేరియా మోసే అనాఫిలిస్ దోమ కాళ్లలో ఎక్కువగా ఉందని చెప్పి శాస్త్రవేత్తలు ఊరుకోలేదు. ఆ ప్రోటీన్ జన్యువు నోరు నొక్కి చూస్తే దోమలు మళ్లీ పైరెత్రాయిడ్‌కి లొంగాయి. నీ వ్యాసంలో అలాంటి రెండో మెట్టు ఉందా లేదా అని పాఠకుడు అడగకముందే నువ్వే అడుక్కో.

ఇక కాళ్లంటే గుర్తొచ్చింది. దోమలకు మందు పనిచేస్తోందో లేదో చూసే ట్యూబ్ పరీక్షని ఒక్క లైనులో తేల్చేశావు! లోపల మందు పూసిన కాగితం, పాతిక దాకా ఆడదోమలు, గంటసేపు. ఒక్కొక్కటే వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటాయి. తర్వాత మందు లేని ట్యూబులోకి మార్చి, చక్కెర నీళ్లలో ముంచిన దూది పెట్టి, 24 గంటలయ్యాక లెక్క. పడిపోయినవాటిలో కొన్ని లేస్తాయి. ఎన్ని కాళ్లు ఊడినా సరే, ఎగరగలిగితే బతికున్నట్టే లెక్క. 98 శాతం, ఆపైన చస్తే మందు పనిచేస్తున్నట్టు, 90 లోపైతే నిరోధకత ఉన్నట్టు, మధ్యలో ఉంటే ఇంకోసారి చూడాలి.

మూడు కాళ్లు పోయి కూడా ట్యూబు గోడ నుంచి లేచే ఆ దోమతో మొదలుపెట్టి మళ్లీ రాయి. ఇప్పుడున్న మొదటి పేరా మొత్తం కొట్టెయ్. గ్రాఫు ఒకటి చాలు. ఆదివారం లోపు పంపితే చూస్తాను.