బొమ్మలో ఉన్నది పక్షేనా?

చిరంజీవి అమ్మాయికి,

మారిషస్ దీవిలో ఒకప్పుడు ఉండి అంతరించిపోయిన డోడో పక్షి మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ రెండో పేరాలోనే "కొవ్వెక్కి కదల్లేని మొద్దు పక్షి" అనేశావు. ఎవరు చెప్పారమ్మా నీకు? నాకు తెలుసులే, బొమ్మ చెప్పింది. 1626 ప్రాంతంలో రూలాంట్ సావెరీ అనే చిత్రకారుడు వేసిన బొమ్మ అది. ఇప్పుడు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. సావెరీ మారిషస్ వెళ్లలేదు. ఓడలో తెచ్చి, కూర్చోబెట్టి మేపిన పక్షిని చూసి వేశాడా, గడ్డి కుక్కిన చర్మాన్ని చూసి వేశాడా అన్నది ఇప్పటికీ వాదనే.

అసలు తమాషా తర్వాత జరిగింది. 1865లో మారిషస్‌లోని మార్ ఓ సోంజ్ అనే బురద నేలలో డోడో ఎముకలు గుట్టగా దొరికాయి. వాటిని లండన్‌లో రిచర్డ్ ఓవెన్ అనే జంతుశాస్త్రవేత్త ఎలా అమర్చాడనుకున్నావు? సావెరీ బొమ్మ అంచులు గీసుకుని, ఆ గీతల లోపల సర్దాడు. 1866లో అచ్చయిన ఆ అస్థిపంజరం చతికిలబడినట్టు ఉంటుంది. ఎముకలను చూసి బొమ్మను దిద్దాల్సింది పోయి, బొమ్మకు సరిపడేలా ఎముకలను వంచారు. తప్పు తెలిశాక 1872లో పక్షిని నిటారుగా నిలబెట్టి మళ్లీ ప్రచురించాడు. అంత పేరున్న మనిషి అలా దిద్దుకోవడం నాకు నచ్చింది. జనానికి మాత్రం ఆ బొద్దు పక్షే గుర్తుండిపోయింది.

ఇప్పుడు ఇంకో బొమ్మ చూడు. జహంగీర్ కొలువులోని ఉస్తాద్ మన్సూర్ వేశాడని చెబుతారు, 1625 ప్రాంతానిది, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది. అందులో డోడో సన్నగా, గోధుమరంగులో ఉంటుంది. అదే రోజుల్లో పీటర్ మండీ అనే ఇంగ్లిష్ వర్తకుడు సూరత్‌లో రెండు డోడోలను చూశానని రాసుకున్నాడు. కాబట్టి ఆ చిత్రకారుడు బతికున్న పక్షినే చూసి ఉండొచ్చు. నాకు నమ్మకం కుదిరింది మాత్రం పక్కనున్న బాతుల వల్ల. తల మీద నల్ల చారలుండే ఆ బాతులు చలికాలంలో మన చెరువులకీ వస్తాయి. వాటిని అంత సరిగ్గా వేసినవాడు డోడో దగ్గర చెయ్యి జారవిడిచి ఉంటాడా? మనం సరిచూడగలిగిన దాన్నిబట్టే, సరిచూడలేని దాన్ని ఎంత నమ్మాలో తెలుస్తుంది.

నేనేదో మొదటినుంచీ జాగ్రత్తగా ఉన్నానని కాదు. మారిషస్ దగ్గరున్న రీయూనియన్ దీవిలో తెల్ల డోడో ఉండేదని ఒకప్పుడు ధీమాగా రాశాను. పాత డచ్చి బొమ్మల్లో తెల్ల డోడో కనిపిస్తుంది మరి! ఒక పాఠకుడు కార్డు ముక్క రాశాడు: ఆ దీవిలో డోడో ఎముక ఒక్కటీ దొరకలేదు, దొరికినవి ఐబిస్ అనే వంపు ముక్కు పక్షివి అని. వారం రోజులు టెన్షనే. ఆ కార్డు ఇంకా నా దగ్గరుంది.

ఆ రెండో పేరా కొట్టేసి మళ్లీ రాసి పంపు. రెండు బొమ్మలూ పక్కపక్కన వేయించు. ఎవరు, ఎప్పుడు, ఏం చూసి వేశారో కింద రాయి. చోటు లేదని సంపాదకుడంటే నీ మొదటి పేరా తగ్గించుకో, ఆ వాక్యాలను మాత్రం తీయనివ్వకు.

దీవెనలతో,
మీ మాస్టారు