ఫైనల్ ఫ్యాంటసీ 8: లెవెల్ పెంచేకొద్దీ ఆట కష్టమవుతోంది, వదిలేయనా?

రెండో డిస్కులో ఉన్నారు, పార్టీ (మీ జట్టు) లెవెల్ 40 దాటింది, అయినా దారిలో ఎదురయ్యే మామూలు జంతువులు కూడా చావడం లేదు. ఇంకా లెవెల్ పెంచాలా, ఆట పక్కన పెట్టాలా అని అడిగారు. రెండూ వద్దు. మీరు చేస్తున్న తప్పే నేనూ చేశాను, కాకపోతే మీకంటే చాలా దూరం వెళ్లి మరీ చేశాను.

అంతకుముందు నేనాడిన ఆర్పీజీలన్నీ (పాత్రల్ని నడిపిస్తూ బలపరుచుకునే ఆటలు) ఒక్క తీరే. తిరగాలి, కొట్టాలి, లెవెల్ పెంచాలి, బాస్ (పెద్ద శత్రువు) దగ్గరికి వెళ్లాలి. ఇందులోనూ అదే చేశాను. పైగా జీఎఫ్‌లను (గార్డియన్ ఫోర్స్, అంటే పిలిస్తే వచ్చి మనకోసం దాడి చేసే జీవులు) పిలవడానికి ఖర్చేమీ లేదు కదా, ప్రతి ఫైట్‌లోనూ వాటినే పిలిచాను. (శివ అని పేరు పెట్టి మంచు ఆవిడను చూపించినప్పుడు కాసేపు నవ్వుకున్నాను.) ఒక్కో జీఎఫ్ వచ్చి, విన్యాసం చేసి, వెళ్లేసరికి టీ పెట్టుకుని రావచ్చు. స్పెల్స్‌ని (మంత్రాలని) పాత్రల బలానికి కట్టే జంక్షన్ మెనూని మాత్రం దాదాపు ముట్టుకోలేదు. మొదట్లో క్విస్టిస్ అనే టీచరు పాఠం చెబుతుంది గానీ, అన్ని మాటలు ఒక్కసారి మీద పడితే ఎవరైనా బటన్ నొక్కుతూ దాటేస్తారు. నేనూ దాటేశాను.

ఇక్కడ మూడో డిస్కు చివరి సంగతి ఒకటి చెప్పాలి, కథ తెలియకూడదనుకుంటే ఈ పేరా వదిలేయండి. అక్కడ అడెల్ అనే బాస్ మన జట్టులోని రినోవా అనే అమ్మాయిని తన ఒంటికే తగిలించుకుని పోరాడుతుంది. రినోవా చనిపోతే ఆట అయిపోయినట్టే. జీఎఫ్ దాడి ఎదురున్న అందరికీ తగులుతుంది, అంటే రినోవాకి కూడా. ఆట మొత్తం జీఎఫ్‌ల మీదే నెట్టుకొచ్చినవాడికి అక్కడ ఇంకేం మిగులుతుంది? కథానాయకుడు స్క్వాల్ కత్తి దెబ్బలు దోమ కుట్టినట్టున్నాయి. నాలుగు సాయంత్రాలు అదే ఫైట్. ఐదో సాయంత్రం ఆట తీసేసి, ‘చెత్త గేమ్’ అని కనబడ్డవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టాను. కొన్నేళ్లు అదే మాట మీద ఉన్నాను కూడా.

2019లో రీమాస్టర్ వచ్చాక మళ్లీ మొదటినుంచి ఆడాను. నిజం చెప్పాలంటే మూడింతల స్పీడ్ బటన్ ఉందని ఆడాను. ఈసారి మెనూలోని పాఠాలన్నీ ఓపిగ్గా చదివాను. అప్పుడు అర్థమైంది.

ఈ ఆటలో ఎంపీ (మ్యాజిక్ వాడితే ఖర్చయ్యే పాయింట్లు) లేదు. మ్యాజిక్ అంటే సరుకు. ఒక్కొక్కరు ఒక్కో స్పెల్‌ని 100 వరకు దాచుకోవచ్చు. దాచుకున్నదాన్ని బలానికో, హెచ్‌పీకో (ప్రాణానికి), వేగానికో జంక్షన్ చేస్తే ఆ లెక్క అమాంతం పెరుగుతుంది. అదే స్పెల్‌ని ఫైట్‌లో వాడారా, స్టాక్ తగ్గుతుంది, దానితో పాటు మీ బలమూ తగ్గుతుంది. ఇంటి గోడలోంచి ఇటుక పీకి దొంగ మీదికి విసిరినట్టు. కాబట్టి మంచి స్పెల్ దొరికితే వాడకండి, కట్టుకోండి. వేరే ఆటలు ఆడి వచ్చినవాళ్లకి ఇది మింగుడుపడదు, నాకైతే రెండోసారి కూడా వారం పట్టింది.

లెవెల్ సంగతి ఇంకా తిరకాసు. ప్రతి లెవెల్‌కీ 1000 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) చాలు, ఎంత పైకి వెళ్లినా అంతే. అందుకే లెవెల్ చకచకా పెరుగుతుంది, మనకి సంతోషంగానూ ఉంటుంది. కానీ శత్రువుల లెవెల్ మీ పార్టీ సగటును బట్టి పెరుగుతుంది. లెవెల్ వల్ల మీకొచ్చే బలం కొద్దిగా, వాళ్లకొచ్చేది బోలెడు. జంక్షన్ లేకుండా 40కి వెళ్లారంటే శత్రువుల్ని మీరే పెంచి పోషించారన్నమాట. పెద్ద లెవెల్ శత్రువుల దగ్గర పెద్ద స్పెల్స్ డ్రా చేసుకోవచ్చు (వాళ్ల నుంచి లాక్కోవచ్చు), అదొక లాభం.

అలాగని ఒక్కో శత్రువు ముందు నిలబడి 100 వచ్చేదాకా డ్రా చేయమని మాత్రం చెప్పను. ఒకసారి డ్రా చేస్తే ఎక్కువలో ఎక్కువ 9 వస్తాయి, ముగ్గురికీ నింపాలంటే ఎన్ని సార్లో లెక్కేసుకోండి. అది ఆట తయారుచేసినవాళ్ల తప్పే, ఆ విషయంలో తిట్టేవాళ్ల పక్షమే నేను. అసలు దారి రిఫైన్, అంటే వస్తువుల్ని స్పెల్స్‌గా మార్చడం. రెండోసారి ఆడినప్పుడు మొదట్లోనే బాలాంబ్ సముద్రపు ఒడ్డున చేపల్ని కొట్టి ఫిష్ ఫిన్‌లు పోగేశాను. శివకి ఐస్ మ్యాజిక్ రిఫైన్ నేర్పిస్తే ఒక్క ఫిన్‌కి 20 వాటర్ స్పెల్స్. ఐదు ఫిన్‌లు ఒకరికి సరిపోయాయి. వాటర్‌ని స్క్వాల్ బలానికి కట్టాక మొదటి దెబ్బ వేసినప్పుడు స్క్రీన్ మీద అంకె చూసి, ఇన్నాళ్లూ నేనేం చేశానా అనిపించింది. అలాగే సైరెన్ అనే జీఎఫ్‌కి లైఫ్ మ్యాజిక్ రిఫైన్ వస్తే, షాపులో కొన్న ఒక్క టెంట్ 10 క్యూరాగాలవుతుంది (గాయాలు మాన్పే స్పెల్). 100 క్యూరాగాలు హెచ్‌పీకి కడితే రెండు వేలకు పైగా పెరుగుతుంది.

టెంట్లకి డబ్బెక్కడిది అంటారేమో. జంతువుల్ని చంపితే డబ్బు రాదు, జీతం వస్తుంది. మెనూలోనే సీడ్ (స్క్వాల్ పనిచేసే దళం) పరీక్షలు 30 ఉంటాయి, ఒక్కోదాంట్లో అవును, కాదు ప్రశ్నలు 10. అన్నీ సరిగ్గా రాస్తే ర్యాంక్ పెరుగుతుంది, జీతమూ పెరుగుతుంది. మీ స్క్వాల్ లెవెల్ ఎంతో అన్ని పరీక్షలు రాయవచ్చు, అంటే 40లో ఉన్న మీరు మొత్తం రాసేయొచ్చు. మీరు పెంచిన లెవెల్ ఇలాగైనా పనికొస్తుంది.

ఇకమీదట లెవెల్ పెరగకుండా చూసుకోండి. కెట్జాకోట్ల్ అనే జీఎఫ్‌కి కార్డ్ అనే సామర్థ్యం ఉంది. శత్రువుని బాగా నీరసపరిచి కార్డుగా మార్చేస్తే ఎక్స్‌పీ రాదు, జీఎఫ్‌లు నేర్చుకోవడానికి కావలసిన ఏపీ మాత్రం వస్తుంది. డయాబ్లోస్ అనే జీఎఫ్ ఉంటే ఎన్‌కౌంటర్లు (దారిలో ఎదురయ్యే ఫైట్లు) సగానికి తగ్గించే సామర్థ్యం, తర్వాత అసలు రాకుండా చేసేదీ నేర్పించండి.

కథలో లగూనా అనే అతని గురించిన కలలు వచ్చినప్పుడు జాగ్రత్త. మీ జంక్షన్లు కలలో ఆడే ఆ ముగ్గురికి వెళ్తాయి. పార్టీ మారినప్పుడల్లా మెనూలో స్విచ్ ఉంటుంది, దానితో ఒకరి జంక్షన్లన్నీ ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. ఇది తెలియక నేను ఒక్కోటీ చేత్తో మార్చుకుంటూ కూర్చున్నాను.

ఇంత చెప్పినా దీన్ని గొప్ప ఆట అనను. జంక్షన్ అర్థం కానంతవరకు ఆట మిమ్మల్ని చితక్కొడుతుంది, అర్థమయ్యాక మీరు దాన్ని చితక్కొడతారు. స్క్వాల్ హెచ్‌పీ తక్కువగా ఉంచితే లిమిట్ బ్రేక్ (ప్రత్యేకమైన పెద్ద దాడి) పదేపదే వస్తుంది, బాస్‌లు నాలుగు రౌండ్లు కూడా నిలవరు. సరిగ్గా పోటాపోటీగా ఉండే చోటు ఈ రెంటి మధ్యలో చాలా సన్నగా ఉంది. ఆ చోటు దొరికినవాళ్లు దీన్ని నెత్తిన పెట్టుకుంటారు, దొరకనివాళ్లు తిడతారు. నాకైతే రెండోసారి ఆటలో అది ఓ పదిహేను గంటలు దొరికింది.

కొత్తగా మొదలుపెట్టనక్కర్లేదు. ముందు జంక్షన్ మెనూలో ఆటో నొక్కి ఎటాక్ ఎంచుకోండి, ఉన్న స్పెల్స్‌తోనే తేడా కనిపిస్తుంది. ముందున్న బాస్‌ల డ్రా లిస్ట్ తప్పక చూడండి, నోర్గ్ దగ్గర లెవయథాన్, ఫుజిన్ దగ్గర పాండెమోనా అనే జీఎఫ్‌లు ఉన్నాయి. డోలెట్‌లో ఎల్వోరెట్ అనే బాస్ దగ్గర సైరెన్‌ని డ్రా చేశారా, వదిలేశారా? వదిలేస్తే ఆఖరి కోట దాకా మళ్లీ దొరకదు, టెంట్ల పద్ధతి మీకు కుదరదు. మీ దగ్గర ఏయే జీఎఫ్‌లున్నాయో, ఏది ఏం నేర్చుకుందో కింద రాయండి, ఎవరికి ఏది కట్టాలో చూసి చెప్తాను.