కడప నుంచి మైపాడు పోయి గాలం వేయాలంటే లైసెన్సు కావాలా?

మే సెలవుల్లో ముగ్గురు కలిసి నెల్లూరు దగ్గరున్న మైపాడు బీచికి పోయి గాలం వేయాలనుకుంటున్నామని, లైసెన్సు కావాలా, వేట నిషేధం మాకూ వర్తిస్తుందా అని అడిగారు. నేను కొన్నేళ్లుగా బద్వేలు, ఆత్మకూరు మీదుగా ఏడాదికి రెండు మూడుసార్లు ఆ పక్క పోయొస్తున్నా. నాకు తెలిసింది చెప్తా.

ఒడ్డున నిలబడి కర్ర, రీలుతో గాలం వేయడానికి నేను ఇంతవరకు లైసెన్సు తీసుకున్నది లేదు, ఎవరూ అడిగింది లేదు. నిజానికి అడిగేది మన జిల్లాలోనే. ఇక్కడ చెరువుల్లో చేపల హక్కు సొసైటీలదో, వేలం పాట పాడుకున్నోళ్లదో అయి ఉంటుంది. అడక్కుండా గాలం వేస్తే కర్ర లాక్కుంటారు. (నాది పోయింది. ఆ కథ ఇంకోసారి.)

ఇక నిషేధం. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా. నిలిపేది మరపడవల్ని, ఇంజన్ బిగించిన బోట్లని. ఇంజన్ లేని తెప్పలకు మినహాయింపు ఉంది. నేను మే నెలలో ఒడ్డు మీద గాలం వేశాను, ఎవరూ ఏమీ అనలేదు.

బోటు మాత్రం మాట్లాడుకోవద్దు. 2022లో నేను చేసిన తెలివితక్కువ పని అదే. ఫోన్లో "వచ్చే నెల వస్తాం" అని చెప్పి అడ్వాన్సు కూడా పంపించా. తెల్లారుజామున దిగి చూస్తే బోట్లన్నీ ఇసుక మీదే ఉన్నాయి, ఇంజన్లు విప్పేసి టార్పాలిన్ పట్టాలు కప్పారు. మా బోటాయన వల ఒళ్లో పరుచుకుని, ఒక కొసను కాలి బొటనవేలికి తగిలించుకుని, చిరుగులు అల్లుకుంటున్నాడు. "ఏంది సామీ, వచ్చే నెలంటే మే నెలా? సముద్రం మూసేసినారు గదా!" అన్నాడు. బతిమాలితే తల కూడా ఎత్తలేదు. దొరికితే బోటు, చేపలు స్వాధీనం చేసుకుంటారు, డీజిల్ రాయితీ ఆగిపోతుంది. నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతి కూడా పోతుందని ఆయన భయం. అప్పట్లో అది 10 వేలు, 2025 నుంచి 20 వేలు చేశారు. మన సరదా కోసం ఆయన్ను అందులోకి లాగడం నాకే సిగ్గనిపించింది. అడ్వాన్సు మాత్రం మర్యాదగా తిరిగిచ్చేశాడు.

జూన్ 15 తర్వాత బోటెక్కితే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నదే ఎక్కండి, లైఫ్ జాకెట్లు అడిగి వేసుకోండి. మత్స్యకారులకు గుర్తింపు కార్డులుంటాయి. మనం కొత్త మొహాలం, ఆధార్ జేబులో ఉంటే మెరైన్ పోలీసులు ఆపినా టెన్షన్ ఉండదు. కృష్ణపట్నం పోర్టు గోడల దగ్గర వేద్దామనే ఆలోచనే వద్దు. పులికాట్ పక్షుల అభయారణ్యం, అక్కడ కూడా మన సరదాలు నడవవు.

పడిన చేపల్లోనూ కొన్ని ముట్టుకోకూడనివి ఉన్నాయి. ఒకసారి నా గాలానికి మూరెడు చేప పడింది. ముందు సగం టేకు చేపలా చదును, వెనక సగం సొరలాగుంది. ఫోటో కోసం ఇసుక మీద పెట్టబోయా. పక్కనున్న ముసలాయన నా చెయ్యి తోసేసి, చేతులు తడుపుకుని, గాలం మెల్లగా తిప్పి తీసి, అల వెనక్కి పోయేటప్పుడు నీళ్లలోకి జార్చాడు. "కేసులో చేప అది" అన్నాడు. ఆ జాతిలో కొన్నింటికి 1972 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. రంపంలాంటి ముక్కున్న చేప, ఒంటినిండా తెల్ల చుక్కలుండే తిమింగల సొర, సముద్ర గుర్రాలు, తాబేళ్లు కూడా అందులోవే. ఏది ఏదో మనలాంటోళ్లకు తెలీదు, కాబట్టి అనుమానం వస్తే వదిలేయడమే. చలికాలం చివర్లో ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే తాబేళ్లుంటాయి, అప్పుడు రాత్రిపూట టార్చీలు వేసుకుని తిరగొద్దు. తెగిన తంగూసు (గాలం దారం) ముక్కలు ఇసుకలో పారేయకుండా జేబులో వేసుకుని రండి.

చట్టంలో రాయనిది ఇంకొకటుంది. అలివి వల లాగుతున్న చోట గాలం వేయకూడదు. ఇరవై ముప్ఫై మంది తాడు పట్టుకుని లాగే వలకు మీ గాలం చిక్కుకుంటే తిట్లు తప్పవు, న్యాయం కూడా వాళ్లదే. "అన్నా, ఎక్కడ వేసుకోమంటావు?" అని ముందే అడిగితే వాళ్లే మంచి చోటు చూపిస్తారు.

మేలోనే పోతామంటే ఎండెక్కకముందే ఒడ్డున నిలబడండి. ఎరకు పచ్చిరొయ్య చాలు. జెల్ల పడితే చేత్తో పట్టుకోవద్దు, ముల్లు దిగితే సాయంత్రం దాకా చెయ్యి సలుపుతుంది. గాలం తీయడానికి కటింగ్ ప్లేయర్ పట్టుకుపోండి.