ఎంఎస్ (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము) వెల్డింగ్‌కు 6013 రాడ్ వాడాలా, 7018 వాడాలా?

ఇంటి గేటు, రేకుల షెడ్డు సొంతంగా చేసుకోవాలి, పాత ట్రాక్టర్ ట్రాలీ బాగుచేయాలి, 200 ఆంపియర్ల ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ ఉంది అన్నారు. షాపులో 6013 ఇచ్చారు, తెలిసినాయన 7018 అయితే గట్టిగా పడుతుందన్నారు. ఏది కొనాలన్నది మీ ప్రశ్న.

గేటుకూ షెడ్డుకూ 6013 చాలు. ట్రాలీలో బరువు పడే చోట్లకే 7018 వాడండి, అదీ రాడ్లు పొడిగా ఉంచగలిగితేనే. పొడి గురించి ఇంత పట్టుగా ఎందుకు చెప్తున్నానంటే, దాన్ని పట్టించుకోక ఒకసారి పెద్ద తప్పు చేశాను.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో ఆరేళ్లు పనిచేసి, మా ఊరొచ్చి సొంత షెడ్డు పెట్టుకున్నాను. మొదటి వానాకాలంలోనే ఒక రైతు ట్రాలీ తెచ్చాడు. ట్రాక్టరుకు తగిలించే హుక్ ఉన్న 12 మి.మీ. ప్లేటు పగిలింది. బరువు లాగే చోటు కదా అని 7018తో అతికాను. ఆ ప్యాకెట్ విప్పి మూడు వారాలైంది, గోడవారన అలాగే పడి ఉంది. వెల్డ్ చూడ్డానికి నున్నగా, చక్కగా వచ్చింది. నెల తిరక్కుండా, ధాన్యం బస్తాలతో వెళ్తుంటే అతుకు పక్కనే మళ్లీ పగిలి ట్రాలీ ఊడిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కోసి చూస్తే లోపల సన్నటి బెజ్జాలు, అతుకు అంచు వెంబడి పగులు. బస్తాల మీద కూలీలు కూర్చుని ఉంటే ఏమయ్యేదో అనుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

7018 రాడ్ మీది పూత గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఆర్క్ (రాడ్ కొసకీ ఇనుముకీ మధ్య మండే మెరుపు) వేడికి ఆ నీటిలోంచి హైడ్రోజన్ విడిపోయి కరిగిన ఇనుములో కలుస్తుంది. మందం ప్లేటు చుట్టూ వేడిని గబగబా లాగేస్తుంది కాబట్టి అతుకు అంచు గట్టిపడి పెళుసవుతుంది, చిక్కుకున్న హైడ్రోజన్ అక్కడే పగులు తెస్తుంది. ఆ పగులు వెంటనే కనిపించాలని లేదు, గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత బయటపడుతుంది. 7018ని ‘లో హైడ్రోజన్’ (తక్కువ హైడ్రోజన్) రాడ్ అంటారు గానీ, ఆ పేరు అది పొడిగా ఉన్నంతసేపే నిజం. మామూలు 7018 ప్యాకెట్ విప్పాక బయట 4 గంటలకు మించి ఉంచకూడదు. ఉంటే ఓవెన్‌లో 300 నుంచి 350 డిగ్రీల దగ్గర గంటసేపు కాల్చి వాడాలి, ప్యాకెట్ మీద వేరే లెక్క ఉంటే దాన్నే పాటించండి. ఎండలో ఆరబెడితే ఆ తేమ పోదు.

ఆ ట్రాలీని నా ఖర్చుతోనే మళ్లీ చేశాను. పగులు రెండు కొసల్లో చిన్న బెజ్జం వేసి, పగులంతా పోయేదాకా వి ఆకారంలో గ్రైండ్ చేసి, గ్యాస్ మంటతో ప్లేటును బాగా వేడెక్కించి, అప్పుడే విప్పిన ప్యాకెట్‌తో పొరపొరగా నింపాను. ప్రతి పొర మీదా చిట్టెం (అతుకు మీద పెంకులా గట్టిపడేది) పూర్తిగా కొట్టేశాకే తర్వాతి పొర. మీ ట్రాలీకీ ఇలాగే చేయండి. 7018కి రాడ్ పట్టే హోల్డర్ కేబుల్‌ను మిషన్ ప్లస్‌లో పెట్టి, ఆర్క్ చాలా పొట్టిగా పట్టుకోవాలి. రాడ్ ఎత్తితే బెజ్జాలు పడతాయి.

ఇక నంబరు సంగతి. మొదటి రెండు అంకెలు 60, 70 అంటే వెల్డ్ లోహం చదరపు అంగుళానికి 60 వేలు, 70 వేల పౌండ్ల లాగుడుకు తట్టుకుంటుందని. మనకు దొరికే మామూలు ఎంఎస్, భారత ప్రమాణం ఐఎస్ 2062లోని ఇ250 రకం, తట్టుకునేది కనీసం 410 మెగాపాస్కల్స్, అంటే అదే లెక్కలో దాదాపు 60 వేల పౌండ్లే. కాబట్టి గేటులో 7018 వేసినా పైపు బలం పెరగదు. కుదుపులకు, దెబ్బలకు పెళుసుగా విరగకపోవడమే 7018 గొప్ప. అది ట్రాలీకి కావాలి, కిటికీ గ్రిల్‌కు అక్కర్లేదు.

గేటు పైపు 16 గేజ్ (దాదాపు 1.6 మి.మీ. మందం) అయితే 2.5 మి.మీ. రాడ్, అదే షాపుల్లో 12 నంబర్ అనేది, 60-70 ఆంపియర్ల దగ్గర మొదలుపెట్టండి. ఇంకా పలచనైన 18 గేజ్ అయితే 2 మి.మీ. రాడ్ మేలు, లేకపోతే పైపుకు కన్నం పడుతుంది. ఒకే గీతగా లాగకుండా ముక్కముక్కలుగా వేయండి. షెడ్డు యాంగిళ్లకు 10 నంబర్, అంటే 3.15 మి.మీ., 100 నుంచి 120 ఆంపియర్లు. రాడ్ మాటిమాటికీ అంటుకుపోతుంటే కరెంటు పెంచే ముందు ఎర్త్ క్లాంపు కింద రంగు, తుప్పు గీకారో లేదో చూడండి. నా దగ్గర నేర్చుకునే కుర్రాళ్లలో ఎక్కువమందికి ఇబ్బంది అక్కడే వచ్చేది.

జీఐ పైపు (జింక్ పూత ఉన్న ఇనుప పైపు) వాడుతుంటే అతికే చోట జింక్ పూతను గ్రైండ్ చేసి తీసేయండి. ఆ తెల్లటి పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. పూత తీసినా సరే, గాలి పొగను మీ ముఖానికి దూరంగా తోసుకుపోయేలా చూసుకుని కూర్చోండి.